కత్తెరలు దాచిన సీజను

కుట్టుపని చేసే ఇంట్లో కత్తెర దాచిపెట్టడమంటే వంటింట్లో నీళ్ళు దాచిపెట్టడమే. బుద్ధున్నవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. ఆ ఏడు, అదీ బడులు తెరవబోయే ముందు ఊపిరి సలపని యూనిఫారాల సీజన్లో, మేం ఆ పని చేశాం. ఎందుకు చేశామో చెబుతాను. ముందు విని, తర్వాత నవ్వండి. మేమూ నవ్వాం.

మా కొట్టు కింద, కాపురం పైన. కొట్లో నాలుగు మిషన్లు, గోడవారగా గుడ్డల తానులు, మధ్యలో కటింగు బల్ల. మా ఆయన పోయాక ఆ బల్ల ముందు నిలబడి కొడుకుని పెంచాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు, ఆ సంగతి నాకూ తెలుసు, ఊరికీ తెలుసు. అయినా మా కొట్లో కుట్టిన చొక్కా పిల్లాడు పొడుగైపోవాలే తప్ప చిరగదని ఊరే ఒప్పుకుంది. వేళ్ళ కీళ్ళు వాచి నా కత్తెర పట్టు తప్పుతున్న రోజుల్లో కోడలొచ్చింది. కొత్తలో ఓ మూల నిలబడి చూస్తుండేది. ఒకరోజు నేను గీసిన సుద్ద గీతలు చూసి, "అత్తయ్యా, ఇది కాస్త ఇటు జరిపితే మిగిలినదాంట్లో ఇంకో జేబు వస్తుంది కదా?" అంది. జరిపి చూశాను. వచ్చింది. ఆ సాయంత్రమే నా పెద్ద కత్తెర తన చేతిలో పెట్టాను. మా పనిలో కటింగు కత్తెర ఒక్కరి చేతిదే, ఇంకొకరు ముట్టుకోరు. అది ఇచ్చానంటే బల్ల ఇచ్చేసినట్టే.

ఇక కాజాల పిన్ని ఒకావిడ ఉంది. చొక్కాలకి కాజాలు తీసి గుండీలు కుట్టే మనిషి. మా ఇద్దరిలో ఎవరు పెద్దో ఇద్దరికీ తెలీదు. అందుకని తను నన్ను అక్కా అంటుంది, నేను తనని పిన్నీ అంటాను. ఇన్నేళ్ళలో ఏ ఒక్కరమూ తగ్గలేదు.

సీజను మొదట్లోనే జరిగిందా సంగతి. ఒక బడికి బూడిద రంగు మందపాటి చొక్కాలు. ఆ గుడ్డకి ఒకవైపే ఏటవాలు గీత కనిపిస్తుంది, రెండో వైపు వెలిసినట్టుంటుంది. చొక్కా చేతులు కత్తిరించేటప్పుడు రెండేసి పొరలు ముఖాముఖీ వేసుకోవాలి. అప్పుడే ఒకటి కుడి, ఒకటి ఎడమ వస్తాయి. పని నేర్చుకునే పిల్లలకి మొదటి వారంలో చెప్పే పాఠమది. మా వాడు, కోడలు కోసిన చేతులు మిషను మీద జత చెయ్యబోయి ఆగిపోయాడు. ఇంకొకటి తీశాడు. మరొకటి తీశాడు. కట్టంతా విప్పి పరిచాడు.

"అమ్మా, అన్నీ ఎడమ చేతులే!"

పిన్ని పకపకా నవ్వింది. "బాగుంది! ఏ బళ్ళో అయినా రెండెడమ చేతుల పిల్లలున్నారేమో కనుక్కోండి."

నేనూ నవ్వేదాన్నే, కోడలి మొహం చూడకపోతే. సిగ్గుపడలేదు, విసుక్కోలేదు, అయ్యో అనైనా అనలేదు. ఆ కట్ట వంక ఎవరిదో సామాను చూసినట్టు చూసి, కత్తెర బల్ల మీద పెట్టి, మెట్లెక్కి పైకి వెళ్ళిపోయింది. మర్నాడు దిగలేదు. ఆ మర్నాడూ అంతే.

ఇంక చూడండి, ఉచిత సలహాలు! తలా ఒక మాట. ఎదురింటావిడ రక్తం తక్కువైందంది. గుడ్డల షాపతను గాలి మార్పు కావాలన్నాడు. పిన్నేమో, "సినిమాకి తీసుకెళ్ళరా అబ్బాయ్, ఎన్నాళ్ళయింది?" అని మా వాణ్ణి పోరింది. నేనూ ఏం తక్కువ తినలేదు. పైకెళ్ళి మంచం పక్కన నిలబడి, "ఏం తక్కువైందమ్మా నీకు? మొగుడు మంచివాడు, చేతిలో పనుంది. లేచి మొహం కడుక్కుని నాలుగు మెట్లు దిగితే అదే పోతుంది" అని ఉపన్యాసమిచ్చాను. గోడవైపు తిరిగి పడుకున్న పిల్ల, "సరే అత్తయ్యా" అంది. లేవలేదు. ఎదురు చెప్పినా బాగుండేది. ఆ "సరే" నాకు నచ్చలేదు.

ఇలా కొన్నాళ్ళు సాగింది. తిన్నానంటే తిన్నాననేది, కంచం చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉండేది. పడుకునే ఉండేది, నిద్రపోయేది కాదు. బల్ల ముందు మళ్ళీ నేనే నిలబడ్డాను. వాచిన వేళ్ళతో మూడు కట్లు కత్తిరించేసరికి చుక్కలు కనిపించేవి.

ఒక మధ్యాహ్నం టీ తీసుకుని పైకెళ్ళాను. కోడలు లేచి కూర్చునుంది. హమ్మయ్య అనుకున్నాను.

"అత్తయ్యా, కటింగుకి ఎవరినైనా చూసుకోండి" అంది నెమ్మదిగా. "ఇప్పటినుంచే నేర్పిస్తే వచ్చే సీజనుకి అందుకుంటారు."

"ఎందుకూ? నువ్వెక్కడికెళ్తున్నావు?"

కిటికీలోంచి కింద వీధిలోకి చూస్తూ కూర్చుంది. పని మానేస్తానన్నవాళ్ళని ఎంతమందిని చూశాను నేను! వాళ్ళు అరుస్తారు, అలుగుతారు, జీతం తక్కువంటారు. పోయేముందు తన చోట్లోకి మనిషిని చూసిపెట్టే గొంతు వేరు. ఆ గొంతు అది.

టీ పక్కన పెట్టి, మంచం మీద కూర్చుని, తన చెయ్యి పట్టుకున్నాను. ఇలాంటివి అడగకూడదంటారు, అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందంటారు. నాకు చుట్టు తిప్పి మాట్లాడ్డం చేతకాదు.

"అమ్మాయ్, ఒకటడుగుతా, కోప్పడను. చచ్చిపోవాలనిపిస్తోందా?"

కింద మిషను ఒకటి ఆగి మళ్ళీ మొదలైంది.

"అప్పుడప్పుడు" అంది. దుప్పటి అంచు మడతపెడుతూ, "పొద్దున పూట ఎక్కువ. తెల్లారుతుంటే భయమేస్తుంది. ఇంకో రోజు మొదలవుతోందే అనిపిస్తుంది. మీ అందరికీ బరువైపోయాను అత్తయ్యా."

"బరువో తేలికో మోసేవాళ్ళం మేం చెప్తాంలే. చెప్పావు, మంచి పని చేశావు. టీ తాగు. జడేస్తాను. డాక్టరు దగ్గరికెళ్దాం."

ఒక్క పాయ జారకుండా నున్నగా జడ వేశాను. కిందకి వచ్చి, మిషన్లు ఒక్కసారిగా తిరుగుతున్నప్పుడు, తానుల వెనక నిలబడి ఏడ్చాను. అంత చప్పుడులో ఎవరికీ వినపడదు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషే గానీ తొందర లేని మనిషి. కోడలితో విడిగా చాలాసేపు మాట్లాడింది. తర్వాత నన్నూ మా వాణ్ణీ లోపలికి పిలిచింది.

"ఇది బద్ధకం కాదండీ. మనసు గట్టిచేసుకుంటే పోయేదీ కాదు. డిప్రెషన్. షుగరు, బీపీల్లాగే ఇదీ జబ్బే. వైద్యం ఉంది."

"ఎందుకొచ్చింది డాక్టరమ్మా? ఆ ఒక్కటీ చెప్పండి" అన్నాను.

"ఒక్కటే అయితే నా పని సులువయ్యేది" అని నవ్వింది. "వాళ్ళమ్మగారికి ఇలాగే ఉండేదట. ఒంట్లో వచ్చే తీరు కొంత ఉంటుంది. ఆవిడ పోయిన దుఃఖం ఒకటి. ఈ అమ్మాయి ఏడవలేదు, తెలుసా? నెలల తరబడి సరిగ్గా నిద్ర లేదు. పైన పని ఒత్తిడి. థైరాయిడ్ తేడా ఉన్నా ఇలాగే ఉంటుంది, రక్తం పరీక్ష చేయిద్దాం. అన్నీ కలిసొచ్చి మీద పడ్డాయి. కొందరికి ఫలానా అని చెప్పే కారణమేదీ లేకుండానూ వస్తుంది."

వాళ్ళమ్మ పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వెళ్ళి, అన్నీ దగ్గరుండి చూసుకుని, వచ్చిన మర్నాడే బల్ల ముందు నిలబడింది. గట్టి పిల్లని పదిమందికీ గొప్పగా చెప్పుకున్నాను. మిషను కింద దారం ఉండకట్టిందంటే కొత్తవాళ్ళు కింది బాబిను ఊడదీసి తంటాలు పడతారు. తప్పు చాలాసార్లు పైదారంలో ఉంటుంది. చిక్కు కనిపించే చోటొకటి, పుట్టే చోటొకటి. మేం ఇన్నాళ్ళూ ఎడమ చేతుల కట్ట ముందేసుకుని కూర్చున్నాం.

డాక్టరమ్మ మాత్రలు రాసింది. పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుందని, బాగుందని మధ్యలో మానెయ్యొద్దని మరీ మరీ చెప్పింది. పొద్దున్నే ఎండ తగిలేలా నడవమంది. ఒంటరిగా గదిలో ఉంచొద్దంది. వారం వారం వచ్చి మాట్లాడాలంది. చివర్లో, "కొన్నాళ్ళు ప్రమాదమైనవేవీ తనకి అందుబాటులో ఉంచకండి. అయితే తనకి చెప్పి, తనతో మాట్లాడుకునే చెయ్యండి. దొంగచాటుగా చేస్తే మనిషిని ఇంకా దూరం చేసినట్టవుతుంది" అంది.

మా వాడు సగం మాట విని సగం గాలికొదిలే రకం. చిన్నప్పట్నుంచీ అంతే. కాకపోతే ఆ రోజు విన్న సగం మాత్రం గట్టిగా పట్టుకున్నాడు. పెళ్ళాం అంటే వాడికి ప్రాణం, పైకి చెప్పుకోవడం చేతకాదు. మర్నాడు నేను కొట్లోకి దిగేసరికి కత్తెర అన్నది కంటికి కనిపిస్తే ఒట్టు. పెద్దవి, చిన్నవి, దారాలు తెంపేవి, ఆఖరికి కాజాలు చీల్చే ములుకులతో సహా ఇనప బీరువాలో పడేసి తాళం వేశాడు.

"ఏరా, పని?"

"ఎలాగోలా కానిద్దామమ్మా" అన్నాడు గుసగుసగా. "అడిగితే సానకి ఇచ్చానని చెప్పు."

ఎలాగోలా ఏమిటి! కత్తిరించి ఉంచిన ముక్కలు కుట్టుకుంటూ కూర్చున్నాం గానీ, కుట్టు కుట్టుకీ దారం తెంపాలి కదా? అందరం నోట్లో పెట్టుకుని కొరకడం మొదలుపెట్టాం. డాక్టరమ్మ చెప్పింది కదాని కోడల్ని కిందకి తెచ్చి, నా పక్కనే ఎత్తుపీట వేసి కూర్చోబెట్టాను. ఏ పనీ చెప్పలేదు. తను చూస్తోంది. మా వాడు కొరుకుతున్నాడు, నేను కొరుకుతున్నాను, మిషన్ల మీద కూలికి కుట్టే ఇద్దరమ్మాయిలూ కొరుకుతున్నారు. కొట్టు కొట్టంతా ఎలకల సంతలా ఉంది.

"కత్తెరలేవి?" అంది కోడలు. ఎన్నాళ్ళ తర్వాతో తనంతట తను అడిగిన మాట అది.

"సానకిచ్చా" అన్నాడు మా వాడు, తలెత్తకుండా.

"అన్నీనా? సీజన్లో?"

"కొత్త సానవాడొచ్చాడు. అన్నీ ఒకేసారి ఇస్తే... బాగా పడతాడట."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వీడిది పైపైన వేసే పచ్చికుట్టుకి కూడా ఆగేలా లేదు. సరిగ్గా అప్పుడే పిన్ని గుండీ కుట్టడం ముగించి, దారం పంటితో పట్టి గట్టిగా లాగింది. దారం తెగలేదు. పై వరస కట్టుడుపళ్ళు ఊడి, దారంతో పాటు వచ్చి, చొక్కా జేబు మీద వేలాడాయి.

పిన్ని వాటి వంకా, మా వంకా చూసింది. తర్వాత బోసి నోటితో, "ఫానవాడు ఎప్పుడొఫ్తాడురా అబ్బాయ్?" అంది.

వెక్కిళ్ళలాంటి చప్పుడొకటి వినిపించింది. తిరిగి చూస్తే కోడలు. నవ్వుతోంది. కొంగు నోట్లో కుక్కుకుని, పీట మీంచి వంగిపోయి నవ్వుతోంది. మేమందరం అందుకున్నాం. నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టాయి. ఎక్కడ మారిందో తెలీదు, ఆ నవ్వు ఏడుపయింది. భోరుమని ఏడ్చింది. వాళ్ళమ్మని పిలుస్తూ ఏడ్చింది. ఎవరమూ ఊరుకోమనలేదు. పిన్ని పళ్ళు పెట్టుకుని వచ్చి వీపు నిమురుతూ నిలబడింది.

ఏడుపు తగ్గాక, "నా కోసమే దాచారు కదూ?" అంది.

మా వాడు నా వంక చూశాడు. ఇక దాగుడుమూతలు నా వల్ల కాదనుకున్నాను.

"అవును, నీ కోసమే. నువ్వు లేకుండా పోతావేమోనని మాకు భయం. వీడికి నిద్ర లేదు, నాకు నిద్ర లేదు. నువ్వంటే ఇంట్లో అందరికీ ఇష్టమే, ఎవరికీ చెప్పడం రాదు. చెప్పడం రాక కత్తెరలు దాచుకున్నాం."

మా వాడు లేచి వెళ్ళి పెళ్ళాం పక్కన నేల మీద కూర్చున్నాడు. వాడు కళ్ళు తుడుచుకోవడం చూసి మిషన్ల మీది అమ్మాయిలు తల దించుకున్నారు.

కోడలు కొంగుతో మొహం తుడుచుకుంది. "దాచకండి" అంది. "తాళం అత్తయ్య దగ్గరే ఉండనివ్వండి. కావాలంటే అడిగి తీసుకుంటా, కొట్టు మూసేటప్పుడు మళ్ళీ అత్తయ్యకే ఇచ్చేస్తా. నాకూ అదే... అదే నయం." ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోన్ చేసి అడిగాం. పక్కన మనిషి ఉన్నప్పుడైతే పర్లేదంది. ఆ ఆలోచన ఎవరిదని అడిగి, తనదేనని చెబితే చాలా సంతోషించింది.

అంతటితో బాగైపోయిందనుకునేరు! నవ్వితే పోయే జబ్బయితే పిన్ని పళ్ళకి గుడి కట్టించేవాళ్ళం. మాత్రలకి మొదట్లో నోరెండిపోయేది, మత్తుగా ఉండేది, గుణం మాత్రం కనిపించేది కాదు. మా వాడు ఆగలేకపోయేవాడు.

"ఇన్ని రోజులైనా ఏం తేడా లేదేంటమ్మా? వేరే డాక్టర్ని చూద్దామా?"

"కొత్త గుడ్డ తడిపి ఆరబెట్టకుండా కత్తిరిస్తావా? ఆరేదాకా ఆగుతావు కదా. ఇక్కడా ఆగు" అని కసిరాను. వాడికి చెప్పానే గానీ నాకూ లోపల అదే ఆత్రం.

పొద్దున్నే నేనూ తనూ నడిచేవాళ్ళం. గుండీల షాపు దాకా వెళ్ళి, అది ఇంకా తెరవలేదని తెలిసి కూడా తాళం చూసి తిరిగొచ్చేవాళ్ళం. దార్లో ఒక్కోరోజు వాళ్ళమ్మ గురించి చెప్పేది, ఒక్కోరోజు పెదవి విప్పేది కాదు. నేను మాత్రం నోరు మూయకుండా వీధిలో వాళ్ళ చొక్కాలకి వంకలు పెట్టుకుంటూ నడిచేదాన్ని. కొట్లో మొదట జేబు ఒక్కటి గీసి ఆపేసింది. తర్వాత రోజుకి కొన్ని కాలర్లు. కొన్ని రోజులు కత్తెర అడిగి తీసుకుని, బల్ల ముందు కాసేపు నిలబడి, ఒక్క ముక్కా కొయ్యకుండా నాకు తిరిగిచ్చి పైకెళ్ళేది. "రేపు చూద్దాంలే" అనేదాన్ని. కోప్పడలేదు. నాలాంటిదానికి అది ఎంత కష్టమో నాకే తెలుసు.

ఒకరోజు నేను వెనక భాగాలు కత్తిరిస్తుంటే వెనకనుంచి గొంతు వినిపించింది.

"అత్తయ్యా, చంక దగ్గర లోతు మరీ ఎక్కువ తీశారు. పిల్లలు చెయ్యెత్తితే పిగిలిపోతుంది."

చూసుకున్నాను. నిజమే. ఇంకొకరెవరైనా అనుంటే నా చేతిలో అయిపోయేవాళ్ళు. ఆ పూట మాత్రం ఏనుగెక్కినంత సంబరమైంది.

"అంత తెలిసినదానివి నువ్వే తియ్యరాదూ?" అని తాళం బొడ్లోంచి తీశాను.

తను కత్తెర తీసుకుని ముందు వెనక భాగాల దగ్గరికి వెళ్ళలేదు. మూలనున్న ఎడమ చేతుల కట్ట తెచ్చి బల్ల మీద పెట్టింది. దాని మీది దుమ్ము దులిపింది. బూడిద రంగు తాను విప్పి, గీత ఉన్న వైపు కిందకి వచ్చేలా పొరలు పరిచి, చేత్తో సాపు చేసి, సుద్దతో గీసి కొయ్యడం మొదలుపెట్టింది. పాత కత్తెర బల్లకి ఆనుతూ కరకరమంటూ పోతోంది. మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. నేను అరిచాను, "ఏం చూస్తున్నారు, ఇదేమన్నా సర్కస్సా? బడి తెరిచేస్తారు!" మళ్ళీ అన్నీ తిరిగాయి. ఎడమ చేతులన్నిటికీ కుడి చేతులొచ్చాయి. ఒక్క ముక్క వృథా కాలేదు.

బడులు తెరిచారు. కొన్ని చొక్కాలు ఆలస్యంగా ఇచ్చాం, మాటలు పడ్డాం. నాకు మాటలు పడడం కొత్త, కానీ అంత సుఖంగా ఎప్పుడూ పడలేదు. మాత్రలు సాగుతున్నాయి, డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి రావడం సాగుతోంది. తిండి పెరిగింది, నిద్ర కుదిరింది. ఇక కత్తెర రాత్రిళ్ళు తన దగ్గరే ఉంచుకోవచ్చని డాక్టరమ్మా, తనూ అనుకున్నారు. తాళం చెవి నా బొడ్లో ఊరికే బరువైపోయింది. అమ్మయ్య, గండం గడిచింది, ఇక ఈ సంగతి ఎత్తొద్దని మా వాడు అందరికీ చెప్పాడు.

సీజను చివర, చేతిలో పని పల్చబడ్డ ఒక సాయంత్రం, నేను మిషనుకి నూనె వేస్తున్నాను. కోడలు వచ్చి పక్కన నిలబడింది. మొహం కాస్త వాడి ఉంది. పెద్ద కత్తెర మడతపెట్టిన గుడ్డలో చుట్టి నా ఒళ్ళో పెట్టింది.

"అత్తయ్యా, ఇది కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచండి. నిన్నట్నుంచి మళ్ళీ మనసు బాగోలేదు. డాక్టరమ్మకి ఫోన్ చేశా, రేపు రమ్మన్నారు. మీరు కూడా వస్తారా?"

మా వాడు అవతలి మిషను ఆపేశాడు. మళ్ళీ మొదటికొచ్చిందని వాడి భయం. నాకు భయం వెయ్యలేదు. ఇన్నాళ్ళూ మేం దాచాం, మేం కనిపెట్టుకున్నాం, మేం అడిగాం. ఇవాళ తనే వచ్చి చెప్పింది. ఇంతకంటే ఏం కావాలి నాకు?

"వస్తా" అన్నాను. "జడ వేసుకుని తయారుగా ఉండు."

ఆ రాత్రి బీరువా తాళం దిండు కింద పెట్టుకుని, సీజను మొదలైనప్పట్నుంచీ ఎరగనంత నిద్ర పోయాను.

తర్వాత కొన్నాళ్ళకి, నేను పొద్దున్నే కొట్టు తలుపు తీసి చిమ్ముతున్నాను. మెట్ల మీద చప్పుడైంది. తడి తలకి తువ్వాలు చుట్టుకుని దిగి వచ్చింది కోడలు. నా ముందు చెయ్యి చాపింది.

"అత్తయ్యా, నా కత్తెర."